తీర్పు కాగితంలో శిక్ష చదవడం, విడుదల తేదీ లెక్క కట్టడం

"రెండేళ్లు పడింది" అని కోర్టు వరండాలో ఎవరో అంటారు. ఎప్పటి నుంచి రెండేళ్లు? రిమాండులో ఉన్న రోజులు పోతాయా? జరిమానా కట్టకపోతే ఎంత కలుస్తుంది? ఇవేవీ ఆ మాటలో ఉండవు. బయటికొచ్చి ఊళ్లో అడిగితే తలా ఒక లెక్క చెబుతారు. జైల్లో పగలొక రోజు, రాత్రొక రోజు లెక్క అనే మాట ఇప్పటికీ నడుస్తోంది. అది పూర్తిగా అబద్ధం. ఏడాది శిక్ష అంటే క్యాలెండరు మీద ఏడాదే. అసలు లెక్కంతా తీర్పు కాగితంలో, సెక్షన్ మాటల్లో ఉంది. అది చదవడం కష్టమేమీ కాదు, వరుస తెలియాలంతే.

మొదట చూడాల్సింది నేరం జరిగిన తేదీ

2024 జూలై 1 నుంచి నేరాలకు శిక్షలు చెప్పే పాత చట్టం ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత, అంటే బీఎన్‌ఎస్ వచ్చింది. అంతకు ముందు జరిగిన నేరానికి తీర్పు ఇవాళ వచ్చినా శిక్ష ఐపీసీ ప్రకారమే. నేరం జరిగిన నాటి చట్టంలో ఉన్నదానికంటే ఎక్కువ శిక్ష వేయకూడదని రాజ్యాంగం 20(1) అధికరణ చెబుతోంది.

ఈ ఒక్క తేదీతో ఎంత తేడా వస్తుందో చూడండి. జాతీయ రహదారి 16 మీద నిర్లక్ష్యంగా బండి నడిపి ఒకరి చావుకు కారణమైన కేసు అనుకుందాం. ప్రమాదం 2024 జూన్ 30న జరిగితే ఐపీసీ 304ఎ, గరిష్ఠం రెండేళ్లు. మర్నాడు జరిగితే బీఎన్‌ఎస్ 106(1), గరిష్ఠం ఐదేళ్లు. గుద్ది చెప్పకుండా పారిపోతే పదేళ్లు అని చాలామంది భయపెడతారు. అది 106(2). మిగతా చట్టం అమల్లోకి వచ్చిన రోజున దాన్ని పక్కన పెట్టారు. కాబట్టి ఛార్జిషీటులో ఏ ఉపసెక్షన్ వేశారో బ్రాకెట్‌లోని అంకెతో సహా చూడాలి.

సెక్షన్‌లో నాలుగు చిన్న మాటలు

"వరకు", "తగ్గకుండా", "లేదా", "కూడా". శిక్ష ఈ నాలుగింటి చుట్టూనే తిరుగుతుంది.

"మూడేళ్ల వరకు" అంటే పైహద్దు మాత్రమే. కింద హద్దు లేదు. జడ్జి మూడు నెలలు వేయొచ్చు, మూడేళ్లూ వేయొచ్చు. "ఏడేళ్ల శిక్ష పడే కేసు" అని పేపర్లో వస్తే ఏడేళ్లు ఖాయమని ఇంట్లో ఏడుపు మొదలవుతుంది. దాని అర్థం అది కాదు.

"తగ్గకుండా" అని ఉంటే కథ వేరు. వరకట్న మరణం, బీఎన్‌ఎస్ 80: ఏడేళ్లకు తగ్గకుండా యావజ్జీవం దాకా. పిల్లలపై లైంగిక నేరాల చట్టం, అంటే పోక్సో, సెక్షన్ 4: పదేళ్లకు తగ్గకుండా, పాపకు పదహారేళ్లు నిండకపోతే ఇరవై ఏళ్లకు తగ్గకుండా. నేరం రుజువయ్యాక ఈ హద్దు కిందికి దిగే అధికారం ట్రయల్ కోర్టుకు లేదు. "జాలి చూపండి" అన్న వాదన అక్కడ పనిచేయదు. వాదించాల్సింది నేరం రుజువైందా లేదా, రుజువైనది ఈ సెక్షన్ కిందికే వస్తుందా అని.

"జైలు లేదా జరిమానా లేదా రెండూ" అని ఉంటే జరిమానాతో వదిలేయడానికి జడ్జికి దారి ఉంది. "జైలు, దాంతోపాటు జరిమానా కూడా" అని ఉంటే ఆ దారి లేదు. మామూలు దొంగతనం, బీఎన్‌ఎస్ 303(2), మొదటి రకం. ఇంట్లో దొంగతనం, 305, రెండో రకం, ఏడేళ్ల వరకు. మరో విషయం. ఐదువేల రూపాయల లోపు దొంగతనంలో మొదటిసారి దోషిగా తేలి, సొత్తు గానీ దాని విలువ గానీ తిరిగి ఇచ్చేస్తే శిక్ష సామాజిక సేవ. కొత్త చట్టంలో ఇది మంచి మార్పు. కానీ సొత్తు వెనక్కిచ్చినట్టు రికార్డులో లేకపోతే అడిగినా దక్కదు.

పొలం గట్టు తగాదాలో ఈ మాటలు ఎలా పనిచేస్తాయో దగ్గర్నించి చూద్దాం. చేత్తో కొట్టి గాయపరిస్తే 115(2): ఏడాది వరకు, లేదా పదివేల వరకు జరిమానా, లేదా రెండూ. అదే దెబ్బ కత్తితోనో ప్రమాదకరమైన మరో ఆయుధంతోనో తగిలితే 118(1): మూడేళ్ల వరకు, లేదా ఇరవై వేల వరకు జరిమానా, లేదా రెండూ. ఆ దెబ్బకు ఎముక విరిగిందా, 118(2): ఏడాదికి తగ్గకుండా పదేళ్ల వరకు, యావజ్జీవం కూడా వేయొచ్చు. అంటే ఆసుపత్రి ఇచ్చే ఊండ్ సర్టిఫికెట్‌లో "తీవ్ర గాయం" అన్న ఒక్క మాట మీద కేసు మారిపోతుంది. ఎముక విరగడం, కీలు తప్పడం, పన్ను ఊడటం తీవ్ర గాయాలు. పదిహేను రోజులు తీవ్రమైన నొప్పితో బాధపడినా, ఆ పదిహేను రోజులు తన పనులు తాను చేసుకోలేకపోయినా తీవ్ర గాయమే. ఐపీసీలో ఇది ఇరవై రోజులు. ఎక్స్‌రే లేకుండా "విరిగినట్టుంది" అని రాసిన సర్టిఫికెట్‌ను లాయరు తప్పకుండా ప్రశ్నించాలి. దెబ్బ తిన్నవాళ్లు కూడా అంతే, ఎక్స్‌రే ఫిల్మూ రిపోర్టూ జాగ్రత్త చేసుకోవాలి.

ఏ కోర్టు ఎంత వేయగలదు

టెక్కలి కావచ్చు, బొబ్బిలి కావచ్చు, ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ వేయగలిగేది మూడేళ్ల వరకు జైలు, యాభై వేల వరకు జరిమానా. చీఫ్ జుడీషియల్ మేజిస్ట్రేట్ ఏడేళ్ల వరకు. సెషన్స్ జడ్జి చట్టంలో ఉన్న ఏ శిక్షయినా వేయొచ్చు, కానీ ఉరి వేస్తే హైకోర్టు ఖరారు చేయాలి. సెక్షన్‌లో పద్నాలుగేళ్లు అని రాసి ఉన్నా కేసు ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ దగ్గర నడుస్తుంటే ఆ ఒక్క నేరానికి మూడేళ్లు దాటదు. మూడేళ్లు చాలవనిపిస్తే ఆయన కేసును చీఫ్ జుడీషియల్ మేజిస్ట్రేట్‌కు పంపాలి తప్ప తనే ఎక్కువ వేయకూడదు. కేసు నంబరు సి.సి. అని మొదలైతే మేజిస్ట్రేట్ కోర్టు, ఎస్.సి. అని ఉంటే సెషన్స్.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి, పాలకొండ శ్రీకాకుళం నుంచే పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి. మీ మండలం ఏ జిల్లాలో ఉందన్నది చూసి పై కోర్టును ఊహించుకోవద్దు. తీర్పు మొదటి పేజీలో కోర్టు పేరు, ఈ-కోర్ట్స్ యాప్‌లో కేసును గుర్తించే పదహారు అక్షరాల సీఎన్‌ఆర్ నంబరు చూసి అడుగు వేయండి.

శిక్ష మీద వినే పది నిమిషాలు

సెషన్స్ కేసులోనూ, మేజిస్ట్రేట్ దగ్గర వారంట్ కేసులోనూ (రెండేళ్లు మించి శిక్ష పడగల నేరాల కేసు) దోషి అని తేల్చాక శిక్ష ఎంత అన్నదాని మీద ముద్దాయిని విడిగా వినాలి. ఎక్కువ కేసుల్లో ఇది "మీరేమైనా చెప్పుకుంటారా" అన్న ప్రశ్నతో, "పిల్లలున్నారు బాబూ" అన్న జవాబుతో ముగిసిపోతోంది. ఇక్కడ పోయేది చాలా పెద్దది. ఆ రోజు చేతిలో కాగితాలు ఉండాలి.

వయసు రుజువు, అంటే పదో తరగతి సర్టిఫికెట్, అన్నిటికంటే ముందు. శిక్ష వేసే రోజుకు ఇరవై ఒక్క ఏళ్లు నిండకపోతే, నేరం యావజ్జీవం పడేది కాకపోతే, 1958 నాటి ప్రొబేషన్ చట్టం సెక్షన్ 6 ప్రకారం జైలుకు పంపకుండా చూడటమే కోర్టు పద్ధతి. పంపాలంటే కారణాలు రాయాలి, దానికి ముందు ప్రొబేషన్ అధికారి నివేదిక తెప్పించుకోవాలి. ఇరవై ఒకటి దాటినా, ఉరి గానీ యావజ్జీవం గానీ లేని నేరమైతే సెక్షన్ 4 కింద మంచి నడవడిక బాండు మీద వదలమని అడగొచ్చు. చాలామంది అడగరు, అందుకే రాదు.

ఆ తర్వాత పాత కేసులు లేవన్న విషయం, ఇంట్లో మంచం పట్టినవాళ్లుంటే ఆసుపత్రి కాగితాలు, వైకల్యం ఉంటే సదరం సర్టిఫికెట్, బాధితుడికి ఏమైనా చెల్లించి ఉంటే రసీదు, రిమాండులో గడిపిన రోజుల లెక్క. నోటితో చెప్పినది తీర్పులో ఒక ముక్కలో పోతుంది. మెమోతో దాఖలు చేసినది రికార్డులో ఉండి అప్పీలులోనూ పనికొస్తుంది.

లెక్క కట్టడం

ఊహించిన కేసు ఒకటి తీసుకుందాం. రాత్రిపూట తాళం పగలగొట్టి ఇంట్లో దొంగతనం. ముద్దాయికి ఇరవై నాలుగేళ్లు. 2024 ఆగస్టు 12న రిమాండు, అక్టోబరు 19న బెయిలు మీద విడుదల. తీర్పు 2026 మార్చి 10న. రాత్రిపూట దొంగతనానికి ఇంట్లో చొరబడినందుకు బీఎన్‌ఎస్ 331(4) కింద రెండేళ్ల కఠిన కారాగారం, రెండువేల జరిమానా, కట్టకపోతే రెండు నెలలు. 305 కింద ఏడాదిన్నర, వెయ్యి జరిమానా, కట్టకపోతే నెల. శిక్షలు ఏకకాలంలో నడుస్తాయి. బెయిలు తీసుకోకుండా అదే రోజు జైలుకు వెళ్లాడు.

మొదట "ఏకకాలంలో" అన్న మాట వెతకండి. ఉంటే పెద్ద శిక్ష ఒక్కటే లెక్క: రెండేళ్లు. "ఒకదాని తర్వాత ఒకటి" అని ఉంటే కూడాలి: మూడున్నరేళ్లు. ఏకకాలమా, వరుసగానా అన్నది నేరాల తీవ్రత చూసి కోర్టు చెప్పాలని కేసులు నడిపే పద్ధతి చెప్పే కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, అంటే బీఎన్‌ఎస్‌ఎస్, సెక్షన్ 25లో అంటోంది. తీర్పులో ఏమీ రాయకపోతే వరుసగా నడుస్తాయన్న వాదన వస్తుంది. కాబట్టి శిక్ష చదివి వినిపిస్తున్నప్పుడే లాయరు లేచి అడగాలి. వరుసగా వేసినా మేజిస్ట్రేట్ తనకున్న అధికారానికి రెట్టింపు దాటకూడదు. ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్‌కైతే ఆరేళ్లు.

ఇప్పుడు తేదీలు. 2026 మార్చి 10 నుంచి రెండేళ్లంటే 2028 మార్చి 9తో పూర్తి. ఇందులోంచి రిమాండు రోజులు తీయాలి. ఆగస్టులో 20, సెప్టెంబరులో 30, అక్టోబరులో 19, మొత్తం 69. దీన్నే కోర్టులో సెటాఫ్ అంటారు, బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 468. మార్చిలో 9 రోజులు వెనక్కి వెళితే ఫిబ్రవరి 29 (2028 లీపు సంవత్సరం), ఫిబ్రవరి 29 రోజులూ, జనవరి 31 రోజులూ తీసేస్తే 2027 డిసెంబరు 31. అదే శిక్షలో చివరి రోజు. వరుసగా వేసి ఉంటే ఇదే పద్ధతిలో 2029 జూలై 2 దాకా వెళ్లేది. ఒక్క మాటకు ఏడాదిన్నర తేడా.

జరిమానా మూడువేలు కట్టకపోతే రెండు నెలలూ ఒక నెలా కలిపి మూడు నెలలు అదనం: 2028 మార్చి 31 దాకా. ఇక్కడ రెండు పొరపాట్లు తరచుగా జరుగుతుంటాయి. అసలు శిక్షలు ఏకకాలంలో నడుస్తున్నాయి కదా, ఇవీ అలాగే పోతాయనుకోవడం మొదటిది. పోవు. జరిమానా కట్టనందుకు పడే జైలు అసలు శిక్ష అయ్యాక విడిగా, ఒకదాని తర్వాత ఒకటి నడుస్తుందని సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. రిమాండు రోజులు ఇందులోంచీ తీస్తారనుకోవడం రెండోది. తీయరు. మూడువేల కోసం మూడు నెలలు జైల్లో ఉండటం కళ్లెదుట జరిగే అన్యాయం. ఎక్కువసార్లు కారణం డబ్బు లేకపోవడం కాదు, కట్టొచ్చని ఎవరూ చెప్పకపోవడం. జైలుకెళ్లాక కూడా కట్టొచ్చు. పూర్తిగా కడితే ఆ క్షణంతో అదనపు శిక్ష ఆగిపోతుంది. సగం కడితే సగం తగ్గుతుంది: రెండువేలకు రెండు నెలలైతే, నెల గడిచాక వెయ్యి కట్టి బయటికి రావొచ్చు. రసీదు జైలు ఆఫీసుకు చేరిందో లేదో చూసుకోవాలి.

ఈ అదనపు జైలుకూ హద్దుంది. జైలూ జరిమానా రెండూ ఉన్న సెక్షన్‌లో గరిష్ఠ శిక్షలో నాలుగో వంతు దాటకూడదు. మేజిస్ట్రేట్ అయితే తన అధికారంలోనూ నాలుగో వంతు, అంటే తొమ్మిది నెలలు దాటకూడదు. రెంటిలో ఏది తక్కువో అదే హద్దు.

ముద్దాయి అప్పటికే వేరే కేసులో శిక్ష అనుభవిస్తుంటే, కొత్త శిక్ష పాతది ముగిశాక మొదలవుతుంది. కలిపి నడవాలంటే కోర్టు ఆ మాట రాయాలి. పాత కేసు వివరం జడ్జికి చెప్పకుండా దాచుకోవడం వల్ల ఈ ఉత్తర్వు రాకుండా పోతుంది. వేరే కేసులో గడిపిన రిమాండు రోజులు ఈ కేసులో కలపరు. ఏ కేసు రిమాండు ఆ కేసుకే.

శిక్షా కాలంలో పనికీ సత్ప్రవర్తనకూ జైలు ఇచ్చే తగ్గింపు, రెమిషన్, దీని మీద వేరేగా వస్తుంది. అది ముందే లెక్కలో వేసుకోకండి.

యావజ్జీవం అంటే పద్నాలుగు కాదు

ఇరవై కూడా కాదు. యావజ్జీవ ఖైదు అంటే మిగిలిన బతుకంతా అని సుప్రీంకోర్టు 1961లోనే గోపాల్ వినాయక్ గాడ్సే కేసులో చెప్పింది. మరి ఆ అంకెలు ఎక్కడివి? ఇరవై, బీఎన్‌ఎస్ సెక్షన్ 6లోది. శిక్షలో భాగాలు లెక్కించడానికి మాత్రమే యావజ్జీవాన్ని ఇరవై ఏళ్లుగా తీసుకుంటారు. ఉదాహరణకు, నేరప్రయత్నానికి సగం శిక్ష అన్నప్పుడు పదేళ్లు వస్తుంది. పద్నాలుగు, బీఎన్‌ఎస్‌ఎస్ 475లోది. ఉరి కూడా వేయదగ్గ నేరానికి, హత్య లాంటిదానికి, యావజ్జీవం పడితే కనీసం పద్నాలుగేళ్లు జైల్లో గడవకుండా ప్రభుత్వం విడుదల చేయకూడదు. అది తలుపు తెరుచుకునే రోజు కాదు, అర్జీ పరిశీలించడానికి తొలి రోజు. గవర్నరుకు 161 అధికరణ కింద, రాష్ట్రపతికి 72 కింద ఉన్న క్షమాభిక్ష అధికారం వేరు.

గంజాయి కేసుల్లో బరువే శిక్ష

ఇచ్ఛాపురం సరిహద్దు, పలాస రైళ్లు, విజయనగరం స్టేషను మీదుగా సంచి మోసి దొరికే కుర్రాళ్లకు ఎవరూ చెప్పని లెక్క ఇది. చట్టం పేరు ఎన్‌డీపీఎస్, మాదకద్రవ్యాల చట్టం. కిలో వరకు చిన్న పరిమాణం: ఏడాది వరకు. కిలో దాటి ఇరవై కిలోల వరకు: పదేళ్ల వరకు. ఇరవై కిలోలు దాటితే పదేళ్లకు తగ్గకుండా ఇరవై ఏళ్ల వరకు, లక్షకు తగ్గకుండా జరిమానా. ఆ లక్ష కట్టలేక అదనపు జైలు విడిగా. ఈ చట్టంలో ప్రభుత్వ రెమిషన్‌కు సెక్షన్ 32ఎ అడ్డు, ప్రొబేషన్‌కు సెక్షన్ 33 అడ్డు.

అందుకే తూకం పంచనామా అక్షరం అక్షరం చదవాలి. చట్టం దృష్టిలో గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొనలు. ఆ కొనలు లేకుండా విడిగా ఉన్న ఆకూ గింజా గంజాయి కావు. ఇరవై ఒక్క కిలోల సంచిలో ఏముంది, గోనెసంచి బరువు తీశారా, ప్రతి పొట్లం నుంచీ నమూనా తీశారా అన్న ప్రశ్నలు పదేళ్ల కనీస శిక్షకూ, కింద హద్దు లేని శిక్షకూ మధ్య గీత గీస్తాయి.

అప్పీలు గడువు

మేజిస్ట్రేట్ తీర్పు మీద సెషన్స్ కోర్టుకు 30 రోజులు. సెషన్స్ తీర్పు మీద అమరావతిలోని హైకోర్టుకు 60 రోజులు. ఉరిశిక్ష మీదైతే హైకోర్టుకూ 30 రోజులే. కాపీ కోసం పట్టిన రోజులు ఇందులో మినహాయిస్తారు. జైలు శిక్ష పడినవారికి తీర్పు కాపీ వెంటనే, ఉచితంగా ఇవ్వాలి. డబ్బులడిగితే ఇవ్వక్కర్లేదు.

బెయిలు మీద ఉన్నవాడికి మూడేళ్లు మించని శిక్ష పడితే, అప్పీలు చేస్తామని చెప్పగానే ఆ కోర్టే అప్పీలుకు చాలినంత కాలం బెయిలు ఇవ్వాలి. నిరాకరించాలంటే ప్రత్యేక కారణాలుండాలి. ఆ రోజు ష్యూరిటీలు కోర్టు దగ్గరే ఉండాలి. లేకపోతే చట్టం మీ వైపు ఉన్నా రాత్రి జైల్లోనే గడుస్తుంది. అప్పీలు చేస్తే శిక్ష పెరుగుతుందని బెదిరించేవాళ్లుంటారు. ముద్దాయి వేసిన అప్పీలులో సెషన్స్ కోర్టు శిక్ష పెంచకూడదు. పెంచాలంటే ప్రభుత్వం విడిగా అప్పీలు వేయాలి, లేదా హైకోర్టు నోటీసిచ్చి వినాలి.

లోపల ఉన్నవారు జైలు అధికారి ద్వారానే అప్పీలు పంపుకోవచ్చు. కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పనిలేకుండా ఉచిత లాయరు దొరుకుతాడు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడగండి, లేదా 15100కు ఫోను చేయండి.

ములాఖత్‌లో అడగాల్సిన తేదీ

అంపోలు జిల్లా జైలైనా, విశాఖ కేంద్ర కారాగారమైనా, శిక్ష పడిన ప్రతి ఖైదీకి హిస్టరీ టికెట్ ఉంటుంది. దాని మీద విడుదల తేదీ రాస్తారు. మొదటి ములాఖత్‌లోనే ఆ తేదీ అడిగి, మీరు కట్టిన లెక్కతో పోల్చండి. తేడా వస్తే చాలావరకు సెటాఫ్ దగ్గరే. మేజిస్ట్రేట్ కోర్టు తీర్పు మీద ఉండే క్యాలెండర్ పట్టికలో అరెస్టు తేదీ, బెయిలు తేదీ రాస్తారు. అక్కడ ఒకటి తప్పు పడితే ఖైదీని జైలుకు పంపుతూ కోర్టు ఇచ్చే వారంట్‌లోనూ అదే తప్పు దిగుతుంది. బెయిలు ఉత్తర్వు వచ్చిన రోజు రాసి, ష్యూరిటీలు ఆలస్యమై నిజంగా విడుదలైన రోజు వదిలేయడం మామూలు పొరపాటు. రిమాండు ఉన్న జైలు నుంచి ఎన్ని రోజులు ఉన్నాడో ధ్రువపత్రం తెచ్చి, తీర్పిచ్చిన కోర్టులోనే సరిదిద్దమని పిటిషను వేయాలి. జైలు సూపరింటెండెంట్ వారంట్‌లో ఉన్న రోజుల్నే లెక్కిస్తారు, తనంత తాను మార్చరు.